సైకిలు గేర్లు - వాని పోషణము

పల్నాడు జిల్లాలో వినుకొండకు సమీపమున నూజెండ్ల అను మండల కేంద్రము కలదు. ఇది పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పుడు అందు చేరినది. ఈ ప్రాంతపు బాటలు చూచుటకు చదునుగానే ఉండును గాని, వాగుల కడ పల్లమునకు దిగి మరల మిట్టకెక్కుచుండును. వానకాలమున రేగడి మట్టి చక్రములకు అంటుకొనును. వేసవిలో దుమ్ము లేచును. చుట్టుపట్ల పల్లెల నుండి ఇట్టి బాటలపై ఉన్నత పాఠశాలకు వచ్చు బాలబాలికలలో అనేకులకు సైకిలే ఆధారము.

వారిలో ఒక బాలికను మనము ఊహించుకొందము. ఆమె ఊరికి పాఠశాల ఆరు కిలోమీటర్ల దూరమున ఉన్నదనుకొందము. నాడు పరీక్ష. వాగు దాటి మిట్ట ఎక్కుచుండగా టక్కుమని చప్పుడైనది. పెడలుపై మోపిన పాదము ఒక్కసారిగా క్రిందికి జారినది. చైను పడిపోయినది. ఆమె దిగి దానిని తగిలించినది. చేతులనిండ నల్లని మడ్డి అంటినది. నాలుగు బారలు పోవునంతలో చైను మరల పడిపోయినది. సైకిలును నడిపించుకొనుచు ఆమె బడి చేరునప్పటికి పరీక్ష మొదలై అరగంట గడచినది. “రోజును ఈ అవస్థ ఏల? చదివినది చాలులే!” అని ఇంటి పెద్దలు అనుటకు ఇట్టి ఉదయములు రెండు మూడు చాలును. ఇంతకును జరిగిన దోషమేమి? వెనుక చక్రపు నట్లు రెండు వదులై, చైను వ్రేలాడుచుండుటయే!

ఇది చిన్న సంగతి యని తోచవచ్చును. కాని సైకిలునకును చదువునకును గల సంబంధము చిన్నది కాదు. 2006వ సంవత్సరమున బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరు బాలికలకు సైకిలు కొనుటకై ధనసహాయము చేయ నారంభించినది. ఆ పథకము ఫలితమును కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించి 2017లో ప్రకటించిరి. దానివలన ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య సుమారు 32 శాతము పెరిగినదనియు, ఆ పెరుగుదల ముఖ్యముగా పాఠశాల మూడు కిలోమీటర్లకు మించిన దూరమున గల గ్రామములలోనే కానవచ్చినదనియు వారు తేల్చిరి. ఆంధ్రప్రదేశమునందును 2014 - 2019 సంవత్సరముల నడుమ బడికొస్తా అను పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. అయితే సైకిలు చేతికి వచ్చినంత మాత్రమున పని పూర్తి కాదు. అది ప్రతి ఉదయము నడచుచుండవలెను. అందులకు దాని మర్మము కొంత తెలియవలెను.

గేరు అనగానేమి? వెనుక చక్రమునకు ఆరేడు పళ్లచక్రములుండి, హ్యాండిలుపై మీటలుండిన సైకిలును మాత్రమే మనము గేరు సైకిలని పిలుతుము. నిజమునకు గేరు లేని సైకిలు లేదు. పెడలు ఒక్క చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రము ఎన్ని చుట్లు తిరుగునో ఆ లెక్కయే గేరు. మన ఇండ్లలోని మామూలు సైకిలునకు ఒక్క గేరు కలదు. గేరు సైకిలునకు పెక్కు గేర్లు కలవు. భేదము అంతియే.

ఈ లెక్క ఎట్లు పుట్టినదో చూతము. సుమారు నూట యేబది సంవత్సరముల క్రిందట ఇంగ్లండు దేశమున తిరిగిన సైకిళ్లకు చైను లేదు. పెడళ్లు ముందు చక్రపు ఇరుసునకే బిగింపబడి యుండెను. పాదము ఒక చుట్టు త్రిప్పిన చక్రము ఒక చుట్టే తిరుగును. వేగముగా పోవలెనన్న చక్రమును పెద్దది చేయుట తప్ప వేరు మార్గము లేదు. అందుచేత ముందు చక్రము మనిషి భుజముల యెత్తు వరకును పెరిగినది. వెనుక చక్రము చిన్నదిగా మిగిలినది. అంత యెత్తున కూర్చున్నవాడు రాయి తగిలినచో తలక్రిందుగా పడుచుండెను. 1880లో హాన్స్ రెనాల్డ్ అను ఇంజనీరు దృఢమైన క్రొత్తరకపు చైనును రూపొందించెను. 1885లో కావెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ అనునతడు రెండు చక్రములను దాదాపు సమానముగా చేసి, పెడళ్లను నడుమ నుంచి, చైనుతో వెనుక చక్రమును త్రిప్పు సైకిలును తయారుచేసెను. నేటి మన సైకిలు దాని సంతతియే. చక్రము చిన్నదయ్యెను, ఐనను వేగము తగ్గలేదు. ఏలయన, పెద్ద చక్రము చేసిన పనిని ఇప్పుడు పళ్ల లెక్క చేయుచున్నది.

ఆ లెక్కను మనమే వేయవచ్చును. ముందున్న పెద్ద పళ్లచక్రమునకు 44 పళ్లు, వెనుకనున్న ఫ్రీవీలునకు 18 పళ్లు కలవనుకొందము. 44ను 18చే భాగించిన సుమారు 2.44 వచ్చును. అనగా పెడలు ఒకసారి తిరిగిన వెనుక చక్రము సుమారు రెండున్నర చుట్లు తిరుగును. 28 అంగుళముల చక్రము ఒక చుట్టునకు సుమారు 2.2 మీటర్లు పోవును. కావున పెడలు ఒక చుట్టునకు సైకిలు సుమారు 5.4 మీటర్లు సాగును.

ఇంత దూరము ఊరకనే వచ్చినదా? కాదు. పెడలు కొన 17 సెంటీమీటర్ల పొడవు గల క్రాంకుపై తిరుగుచున్నచో ఒక చుట్టునకు మన పాదము నడచినది 1.07 మీటర్లు. పాదము నడచిన దూరమునకు అయిదింతలు సైకిలు నడచినది. కావుననే పెడలుపై మనము ఇరువది కిలోల బరువుతో నొక్కిన, చక్రము నేలను వెనుకకు త్రోయు బలము నాలుగు కిలోల పాటి మాత్రమే. దూరము అయిదింతలైనది, బలము అయిదవ వంతైనది. చదును నేలపై ఆ నాలుగు కిలోలు చాలును. మిట్టపై చాలవు. అప్పుడు మనము లేచి నిలుచుండి శరీరభారమంతయు పెడలుపై వేయుదుము. అదియు చాలకున్న దిగి నడతుము.

ఇక గేరు సైకిలును చూడుడు. ముందు 24 పళ్ల చిన్న చక్రముపైనను, వెనుక 28 పళ్ల పెద్ద చక్రముపైనను చైనును ఉంచినచో, 26 అంగుళముల చక్రము గల సైకిలు పెడలు ఒక చుట్టునకు సుమారు 1.8 మీటర్లే సాగును. కాని పాదము నొక్కిన అదే ఇరువది కిలోలు నేలవద్ద సుమారు పండ్రెండు కిలోలుగా పనిచేయును. బలము మూడింతలైనది, దూరము మూడవ వంతైనది. ఘర్షణ వలన కలుగు కొద్దిపాటి నష్టమును విడిచినచో ఈ లెక్క ఎన్నడును తప్పదు. గేరు బలమును పుట్టింపదు. మన బలమును మిట్టకు తగినట్లుగాను, చదునునకు తగినట్లుగాను మార్చి ఇచ్చును.

పల్నాటివారికి దీనికి చక్కని నిదర్శనము కలదు. నరసరావుపేట సమీపమున కోటప్పకొండపై త్రికోటేశ్వరస్వామి ఆలయమున్నది. కొండ ఎక్కుటకు మెట్ల దారి కలదు. మలుపులు తిరుగుచు పోవు ఘాటు రోడ్డును కలదు. మెట్ల దారి పొట్టిది, నిటారైనది, అడుగడుగునకు ఆయాసము. ఘాటు రోడ్డు పొడవైనది, వాలు తక్కువైనది. అడుగునకు శ్రమ తక్కువ, అడుగులు ఎక్కువ. ఏ దారిని పోయినను ఎక్కిన ఎత్తు ఒక్కటే. పెద్ద గేరు మెట్ల దారి వంటిది. చిన్న గేరు ఘాటు రోడ్డు వంటిది. తన శక్తిని బట్టి యాత్రికుడు దారిని ఎన్నుకొనునట్లు, సైకిలు నడుపువాడు గేరును ఎన్నుకొనవలెను.

గేర్లను మార్చు సాధనములు ఒక్కనాట రాలేదు. 1902లో ఇంగ్లండు దేశపు నాటింగ్‌హాం నగరమున స్టర్మీ - ఆర్చర్ అను మూడు గేర్ల ఇరుసు తయారైనది. దాని పళ్లచక్రములన్నియు ఇరుసు డొల్లలోనే దాగియుండును. ఫ్రాన్సు దేశమున పాల్ ద వివీ అనునతడు కొండబాటలపై సైకిలు త్రొక్కుచు, గేర్లు మార్చుట వలని మేలును ఏండ్ల తరబడి ప్రచారము చేసెను. చైనును ఒక పళ్లచక్రము నుండి ప్రక్కదానికి నెట్టు చిన్న సాధనమును డిరైలరు అందురు. టూర్ ద ఫ్రాన్స్ అను ప్రసిద్ధమైన సైకిలు పందెమున దానిని 1937వ సంవత్సరము వరకు అనుమతింపలేదు. అంతకు ముందు పందెగాండ్రు కొండ అడుగున దిగి, వెనుక చక్రమును ఊడదీసి త్రిప్పి బిగించుకొనుచుండిరి. మీట ఒక్కసారి టిక్కుమన్నంతనే గేరు ఒకటి మారునట్టి విధానమును జపాను దేశపు షిమానో సంస్థ 1984లో ప్రవేశపెట్టినది. మన దేశమున 1949లో మదరాసున టి.ఐ. సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ నెలకొనిన పిమ్మట సైకిలు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది.

గేరు ఉన్నచో చాలదు. దానిని వాడు పద్ధతి తెలియవలెను. మిట్ట ఎక్కుచు, పాదములు ఆడని స్థితిలో మీట నొక్కరాదు. మిట్ట ఇంకను పది బారల దూరమున ఉన్నప్పుడే చిన్న గేరునకు మారవలెను. మార్చునప్పుడు పెడళ్లు తిరుగుచునే ఉండవలెను. వానిపై బరువు మాత్రము క్షణకాలము తగ్గింపవలెను. చైను తిరుగనిదే ప్రక్క చక్రముపైకి ఎక్కజాలదు. బిగువుగా లాగబడుచున్న చైను పళ్లను కొరుకును. ముందు పెద్ద చక్రమును, వెనుక పెద్ద చక్రమును కలిపి వాడరాదు. అట్లే చిన్నదానిని చిన్నదానితో కలుపరాదు. అప్పుడు చైను ఏటవాలుగా సాగి త్వరగా అరిగిపోవును.

ఇప్పుడు పోషణమును గూర్చి చెప్పుకొందము. మొదట మామూలు సైకిలు సంగతి. చైను క్రింది వరుసను నడుమ పట్టి పైకి క్రిందికి ఆడింపుడు. అది సుమారు ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు ఆడవలెను. అంతకు మించి వ్రేలాడినచో పడిపోవును. ఏమియు ఆడనిచో ఇరుసులను లాగి త్రొక్కుట కష్టము చేయును. వదులైనచో వెనుక చక్రపు నట్లు రెండింటిని పానాతో సడలించి, చక్రమును కొంచెము వెనుకకు లాగవలెను. చైను అడ్జస్టర్లు ఉన్నచో రెండు ప్రక్కల సమానముగా త్రిప్పవలెను. చక్రము ఫోర్కు నడుమ నిలిచినదో లేదో వెనుక నుండి చూడవలెను. పిదప నట్లను గట్టిగా బిగించి, చక్రమును త్రిప్పి, బ్రేకు పట్టుచున్నదో లేదో పరీక్షింపవలెను. మనము ఊహించుకొన్న బాలిక సైకిలునకు కావలసినది ఈ పది నిమిషముల పనియే.

చైను సాగినది అని మనము తరచుగా అందుము. ఇనుప పలకలు సాగవు. లింకులను కలుపు పిన్నులును, వాని చుట్టు నున్న భాగములును దుమ్ముతో రాపిడి చెంది అరుగును. ప్రతి లింకునందు వెంట్రుకవాసి సందు ఏర్పడి, అన్నియు కలిసి చైను పొడవగును. దీనిని కొలుచుటకు మీ బడి సంచిలోని అడుగు స్కేలు చాలును. క్రొత్త చైనునందు ఒక పిన్ను నుండి ప్రక్క పిన్నునకు అర అంగుళము. కావున స్కేలు సున్నను ఒక పిన్ను నడిమికి సరిపెట్టినచో, ఇరువదినాలుగవ పిన్ను సరిగా పండ్రెండు అంగుళముల గీటుపై ఉండవలెను. అది గీటు దాటి అంగుళములో పదునారవ వంతు పోయినచో చైను మార్చు కాలము సమీపించినది. ఎనిమిదవ వంతు పోయినచో ఇక ఆలస్యము చేయరాదు. అరిగిన చైను పళ్లచక్రమును కూడ అరగదీయును. చైను ఖర్చుతో పోవలసినది పళ్లచక్రముల ఖర్చుతో గాని పోదు.

అరుగుదలను ఆలస్యము చేయు ఉపాయము శుభ్రత. వారమునకొకసారి పొడిగుడ్డతో చైనును తుడువుడు. మడ్డి గట్టిపడినచో మెకానికులు డీసెలుతో కడుగుదురు. అట్టి పనిని పెద్దల సమక్షమున, నిప్పునకు దూరముగా చేయవలెను. ఆరిన పిదప పెడలును వెనుకకు త్రిప్పుచు ప్రతి లింకుపై ఒక్కొక్క చుక్క సన్నని మిషను నూనె వేయుడు. కొంతసేపటికి పైన మిగిలిన నూనెను తుడిచివేయుడు. నూనె పని పిన్ను లోపల గాని పైన గాదు. పైన మిగిలిన నూనె దుమ్మును పిలుచును. వంటనూనె వేయరాదు, అది కొన్నాళ్లకు జిగురగును. రేగడిలో నడిచి వచ్చిన నాడు మట్టి ఆరకముందే తుడిచివేయుట మేలు.

గేరు సైకిలునకు మరికొంత సవరణ కావలెను. వెనుక చక్రమును నేల నుండి పైకెత్తి పట్టుటకు ఒక స్నేహితుని పిలువుడు. ఒక్కొక్క గేరునే మార్చుచు పెడలును చేతితో త్రిప్పుడు. చైను చిన్న చక్రము నుండి పెద్దదానిపైకి ఎక్కుటకు బద్ధకించుచున్నచో కేబులు వదులైనదని యర్థము. డిరైలరులోనికి కేబులు ప్రవేశించు చోట చేతితో త్రిప్పదగిన చిన్న మర ఉండును. దానిని గడియారపు ముల్లునకు ఎదురు దిశగా అర చుట్టు త్రిప్పిన కేబులు బిగియును. పెద్దదాని నుండి చిన్నదానిపైకి దిగుటకు బద్ధకించినచో ముల్లు తిరుగు దిశగా అర చుట్టు త్రిప్పుడు. ప్రతిసారి పరీక్షించి చూచి మరల త్రిప్పవలెను. తొందరపడి ఒక్కసారిగా నాలుగు చుట్లు త్రిప్పినచో మొదటి దోషము పోయి రెండవ దోషము వచ్చును.

డిరైలరుపై హెచ్, ఎల్ అను గుర్తులు గల రెండు చిన్న స్క్రూలు కలవు. ఇవి చైనునకు పొలిమేర రాళ్లు. హెచ్ అనునది చైను చిన్న చక్రము దాటి ఫ్రేముపై పడకుండ కాపాడును. ఎల్ అనునది పెద్ద చక్రము దాటి స్పోకులలో చిక్కుకొనకుండ కాపాడును. ఎల్ స్క్రూ వదులైనచో కలుగు ప్రమాదము పెద్దది. మిట్టపై చైను స్పోకులలో పడినచో చక్రము ఒక్కసారిగా బిగిసికొనును, మనిషి పడును. కావున ఈ స్క్రూల సంగతి తెలిసికొనుట మంచిదే గాని, మొదటిసారి వానిని త్రిప్పునప్పుడు అనుభవము గల మెకానికును ప్రక్కన ఉంచుకొనుడు. మరియొక హెచ్చరిక. పెడలు తిరుగుచుండగా చైను దగ్గరకు వ్రేళ్లు పోనీయరాదు. ఓణీ కొంగు, పంచె అంచు, ప్యాంటు మడత చైనులో చిక్కుకొనకుండ చూచుకొనవలెను. చైను కవరు ఊడిపోయినచో మరల వేయించుకొనవలెను.

ఊరి వేపచెట్టు నీడను సైకిళ్లు బాగుచేయు మనిషిని మీరు చూచియే యుందురు. అతడు చక్రమును ఒకసారి త్రిప్పి, చెవియొగ్గి విని, దోషము ఇదియని చెప్పును. ఆ విద్య అతనికి చదువుట వలన గాక, వేలసార్లు త్రిప్పి చూచుట వలన వచ్చినది. మీరును అట్లే ఆరంభింపవచ్చును. నేడు ఇంటికి పోగానే మీ సైకిలు ముందు పళ్లను, వెనుక పళ్లను లెక్కింపుడు, భాగహారము చేయుడు. నేలపై గీటు గీచి, పెడలు ఒక చుట్టునకు సైకిలు ఎంత దూరము సాగునో కొలువుడు. మీ లెక్కయు కొలతయు సరిపోయిననాడు పుస్తకములోని నిష్పత్తి మీ బాటపైకి వచ్చినట్లే. పిదప చైనును వ్రేలితో ఆడించి చూడుడు. వదులైయున్నచో రేపటి వరకు ఆగవలదు. రేపు ఎవరికి పరీక్షయో ఎవరెరుగుదురు?

ప్రశ్నలు

1. మామూలు సైకిలునకును గేరు కలదని ఎట్లు చెప్పగలము?
2. కోటప్పకొండ దారులను గేర్లతో పోల్చి వివరింపుడు.
3. చైను అరిగినదో లేదో అడుగు స్కేలుతో ఎట్లు తెలిసికొందురు?
4. ముందు 48 పళ్లు, వెనుక 20 పళ్లు గల సైకిలు చక్రము ఒక చుట్టునకు 2.2 మీటర్లు పోవును. పెడలు ఒక చుట్టునకు ఆ సైకిలు ఎంత దూరము సాగును?